లారీ కోసం కట్టిన మూట

ఈ భూమ్మీద ఉన్న ఇళ్ళలో సగం మా నాయనమ్మ చెయ్యి తగిలి లేచినవే. మిగతా సగానికి ఆమె చెయ్యి తగలలేదు కాబట్టే అవి వానకు కారుతున్నాయి. మేడలు, సినిమా హాళ్ళు, ఆసుపత్రులు, దొంగలు దూకే ప్రహరీలు, ఆ దొంగల్ని పెట్టే జైళ్ళు, అన్నీ ఆమె చలవే. న్యాయంగా అయితే ఆమె వీధిలో నడుస్తుంటే ఇరుపక్కల మేడలూ లేచి నిలబడాలి. అవి ముందునుంచే నిలబడి ఉన్నాయి కాబట్టి ఆమెకు మర్యాద జరుగుతున్న సంగతి ఎవరికీ తెలియడం లేదు.

ఇంతటి మనిషిని ఒకసారి చూసి పోదామని ఎవరైనా వస్తే మాత్రం కాస్త వెతుక్కోవాలి. మా పక్కింటామె ఒకసారి మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉందనుకుని కూర్చోబోయింది. ఆ మడత దగ్గింది. అదే మా నాయనమ్మ. నడుము దగ్గర సరిగ్గా సగానికి వంగిపోయి ఉంటుంది. ఆమె మొహం చూడాలంటే ఎదుటివాళ్ళు చతికిలబడాలి. అందుకే ఆమెతో గొడవ పడాలని వచ్చినవాళ్ళు కూడా ముందు కూర్చుంటారు. కూర్చున్నాక సగం కోపం పోతుంది.

మా ఇంటిల్లిపాదీ ఇటుకల పని. సొంతానికి కాదు, ఎక్కడో ఉన్న బట్టీ యజమానికి. నాన్న అచ్చు కొడతాడు. ఇసుక చల్లిన అచ్చులో మట్టిముద్దను దబ్బున వేసి, పైన చేత్తో కోసి, చదును చేసిన నేల మీద బోర్లిస్తాడు. అమ్మ మట్టి తొక్కి ముద్దలు చేసి అందిస్తుంది. నేల మీద పడుకున్న పచ్చి ఇటుక పైన ఆరుతుంది గానీ, అడుగున తడి తడిగానే ఉంటుంది. దాన్ని సమయం చూసి పక్కకు తిప్పి అంచు మీద నిలబెట్టాలి. తొందరపడితే వేళ్ళ గుర్తులు పడి వంకరపోతుంది. ఆలస్యమైతే పగులుతుంది. ఇటుకకూ ఇటుకకూ మధ్య గాలి ఆడటానికి వేలెడు సందు వదలాలి. ఆ తిప్పి నిలబెట్టే పని నాయనమ్మది. పొద్దున వంగితే వరస చివరిదాకా వంగే వెళ్ళాలి, పక్క వరస పట్టుకుని వంగే రావాలి. ఎత్తితే మళ్ళీ వంచాలి కదా అని, కొన్నేళ్ళకు ఆమె నడుము ఎత్తడమే మానేసింది.

ముగ్గురూ కలిస్తే ఒక జట్టు. ఇద్దరే ఉంటే కూలీలను బట్టీకి తీసుకెళ్ళే మేస్త్రీ లారీ ఎక్కనివ్వడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, నా మెడకు చుట్టుకోబోయింది ఇదే.

బట్టీ అలవాటు ఇంటికొచ్చినా పోదు. మా ఇంట్లో కంచాలు, పీట, సబ్బుముక్క, చెప్పులు, నా పుస్తకాలు, అన్నీ అంచు మీద నిలబడి, మధ్యలో వేలెడు సందుతో గాలి పీల్చుకుంటూ ఉంటాయి. ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద నిద్రపోతుంటే నన్ను కూడా పక్కకు తిప్పింది.

"ఏంటే నాయనమ్మా!" అని లేచాను.

"ఒకవైపే ఆరుతున్నావు" అంది.

వేళాకోళానికి అందో, చెయ్యి దానంతటదే తిప్పేసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వానలు వెనకబట్టే సమయానికి మేస్త్రీ వస్తాడు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతూ, దుకాణంవాడు మమ్మల్ని చూసి మొహం పక్కకు తిప్పుకునే వేళ చూసుకుని మరీ వస్తాడు. అతనిచ్చే డబ్బు పేరు అడ్వాన్సు. అది పుచ్చుకుంటే లారీ వచ్చినరోజు నోరెత్తకుండా ఎక్కాలి. మళ్ళీ వానలు పడి బట్టీ ఆరేదాకా ఇంటి మొహం చూడకూడదు. వరసలు కలపడం మేస్త్రీకి వెన్నతో పెట్టిన విద్య. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు నాయనమ్మ అతనికి పెద్దమ్మ, నాన్న తమ్ముడు, అమ్మ చెల్లెలు, నేను బంగారుతల్లిని. లారీ తలుపు గొళ్ళెం పడ్డాక మేమందరం "ఏయ్".

నేను పుట్టినప్పటినుంచీ వాళ్ళతోపాటు ఆ లారీ ఎక్కుతూనే ఉన్నాను. బట్టీలో నీళ్ళు మోసేదాన్ని, ఇసుక జల్లించేదాన్ని. అందుకని నా చదువు ఏటా సగమే. ఏ పుస్తకమైనా మొదటి సగం నన్ను అడగండి, గడగడా చెబుతాను. రాజులు గద్దెనెక్కడం వరకు నాకు కొట్టిన పిండి. వాళ్ళెలా పోయారన్నది మాత్రం నేను బట్టీలో ఉన్న నెలల్లో చెప్పేసేవారు. చాలాకాలం రాజులెవరూ చావరనే అనుకున్నాను.

పోయినేడాది ఎండలు ముదిరినప్పుడు నాయనమ్మ వరస మధ్యలో పడిపోయింది. వంగి ఉన్న మనిషి పడితే పెద్ద చప్పుడేమీ ఉండదు. మేమంతా ఆమె ఇంకా కిందికి వంగిందనుకున్నాం. అమ్మ చూసి పరుగెత్తింది. లేపి నీళ్ళు కొడితే కళ్ళు తెరిచి మొదట అన్నమాట ఇది:

"ఇటుకలెన్ని చితికాయే?"

"ఇటుకలు పోతే పోయాయి. నువ్వు పోయుంటే?" అంది అమ్మ, ఏడుపు ఆపుకోలేక.

"నేను పోతే లెక్కలో కొయ్యరు. అవి పోతే కోస్తారు."

మేస్త్రీ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నన్ను చూడటానికి కాస్త ఎక్కువసేపు తీసుకున్నాడు.

"ముసలమ్మ పని అయిపోయింది. వచ్చే ఏడాది పిల్లను దించండి. పొట్టిది, నేలకు దగ్గరగా ఉంది. దీనికి వంగే శ్రమ కూడా లేదు."

"అది బడికి పోయే పిల్ల" అంది నాయనమ్మ, దగ్గుతూ.

"సగం బడి. ఆ మిగతా సగం కూడా మానేస్తే ఓ పని అయిపోతుంది."

"నేను పోయాక పెట్టుకో దాన్ని. నేనుండగా ఆ వరసలో ఇంకెవరూ వంగరు."

"నువ్వు పోవడానికి అట్టే కాలం పట్టేట్టు లేదులే" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు నాయనమ్మ అందరికంటే ముందే లేచి వరసలో వంగి ఉంది. వానలు పడేదాకా ఆమె అలా ఎలా లాగిందో నాకు తెలియదు. బట్టీ ఆరి ఇంటికొచ్చాక ఆమె దగ్గు మాత్రం ఆరలేదు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉండేది. లారీ మళ్ళీ వస్తే మూడో మనిషి ఎవరు? నాయనమ్మ ఎక్కితే తిరిగి రాదు. ఆమె ఎక్కకపోతే నేను ఎక్కాలి, ఎక్కితే నాకిక బడి లేదు.

ఆ వానల్లోనే ఒకరోజు కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి ఒకామె గొడుగు వేసుకుని మా ఇంటికొచ్చింది. సంతవీధిలో కొత్తగా ఆఫీసు తెరిచిన ఏదో సంస్థ అమ్మాయి. మేం ఆమెకు కళ్ళజోడు అనే పేరు పెట్టుకున్నాం. కళ్ళజోడు మా పైకప్పు చూసింది, పొయ్యి చూసింది, ఏం తింటున్నారు, ఎన్నిపూటలు తింటున్నారు అని అడిగింది. పోయేముందు ఏదో డబ్బు వస్తుందని, దాన్ని తిరిగివ్వక్కర్లేదని చెప్పింది. మా ఇంటికొచ్చి ఇలాంటి మాటలు చెప్పినవాళ్ళు ఇదివరకు చాలామంది ఉన్నారు. నాయనమ్మ "సరే తల్లీ, సరే తల్లీ, వాన పెద్దదవుతోంది, జాగ్రత్తగా వెళ్ళు" అని సాగనంపింది.

కొన్నాళ్ళకు నాన్న ఫోనులో టింగుమంది. మా ఇంట్లో అక్షరాల వ్యవహారం నాది కాబట్టి నేనే చదివాను. నాయనమ్మ పేరు మీద డబ్బు పడింది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పని చెయ్యకముందే చేతికొచ్చే డబ్బుకు మా ఇంట్లో ఒకటే పేరు.

"అడ్వాన్సు పడిందే" అంది నాయనమ్మ, మెల్లగా.

"ఊరికే ఇచ్చారట నాయనమ్మా. ఆమె ఆరోజే చెప్పింది కదా, ఇందులో కూడా ఉంది" అన్నాను.

"నువ్వు దేన్నయినా సగమే చదువుతావు. ఆ మిగతా సగంలో లారీ ఎప్పుడొస్తుందో రాసుంటుంది."



ఆ సాయంత్రమే ఆమె మూట కట్టింది. పెద్ద గిన్నె, గరిటె, రెండు దుప్పట్లు, నీళ్ళ డబ్బా, గోనెలో చుట్టిన నాన్న అచ్చు. ఏటా కట్టే మూటే. తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టింది, అంచు మీద.

"ఏం పనై ఉంటుందంటావు?" అని నాన్న అమ్మను అడిగాడు.

"ఆ పిల్ల చేతులు మెత్తగా ఉన్నాయి. మట్టిపని అయ్యుండదు."

"చేతులు మెత్తగా ఉన్నవాళ్ళే కదే మట్టిపని చేయించేది."

నాయనమ్మ ఆలోచన వేరు. ఆమె నా జడ వేస్తూ, ఎవరికీ వినపడదనుకుని అంది. "కూర్చుని చేసే పనైతే బాగుండు. కూర్చుని చేసేదైతే ఇంకా కొన్నేళ్ళు లాగుతాను. ఈ పిడుగు జోలికి ఎవరూ రారు."

పిడుగంటే నేనే.

తర్వాత మొదలయ్యాయి మా అగచాట్లు. పెద్ద గిన్నె మూటలో ఉంది. దాన్ని విప్పనివ్వదు. "లారీ వచ్చాక కడతారా? వాళ్ళు హారన్ కొడతారు గానీ ఆగుతారా?" అంటుంది. దాంతో అమ్మ చిన్న గిన్నెలో రెండు వాయిలు వండేది. మొదటి వాయి తిన్నవాళ్ళు రెండో వాయి తినేవాళ్ళ కంచాల వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. దుప్పట్లు కూడా మూటలోనే. అందరం అమ్మ చీర ఒకటి కప్పుకుని, నలుగురూ నాలుగు వైపులా లాక్కుంటూ, పైనుంచి చినుకులు పడుతుంటే పడుకునేవాళ్ళం. బ్యాంకులో డబ్బు ఉంది. దాన్ని ముట్టుకోవడానికి లేదు.

"అత్తా, బియ్యం నిండుకున్నాయి. అందులోంచి కాస్త తీసుకుందాం" అని అమ్మ ఒకటికి రెండుసార్లు అడిగింది.

"తాకితే ఎక్కాల్సిందే. ఎక్కడికో, ఏం పనికో తెలియకుండా ఎలా తింటాం?"

"ఎక్కడికైతే ఏంటి? ఆకలి అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది."

"ఎంతమందిని ఎక్కించుకుంటారో తెలియాలి కదే!" అని నాయనమ్మ గట్టిగా అరిచింది. అరిచి దగ్గింది. అమ్మ నన్ను చూసి తల దించుకుని, చిన్న గిన్నె కడగడానికి పోయింది.

నెల తిరిగేసరికి ఫోను మళ్ళీ టింగుమంది.

"రెండో అడ్వాన్సు కూడా ఇచ్చారంటే సముద్రం దాటిస్తారు" అన్నాడు నాన్న.

 మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని సంతవీధికి బయలుదేరింది. దారిలో మాటిమాటికీ ఆగి ఏదో ఒక రాయి మీద కూర్చునేది. కూర్చున్న ప్రతిచోటా నన్ను ఒకటే అడిగేది. "ఆ పిల్ల మంచిదేనంటావా? కసురుకునే రకం కాదు కదా?"

కళ్ళజోడు ఆఫీసు ఒకే గది. ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుకిర్రుమనే ఫ్యాను. గోడకు సున్నం పెచ్చులూడి లోపలి ఇటుక కనబడుతోంది. కుర్చీ చూపిస్తే నాయనమ్మ నేల మీద కూర్చుంది. దాంతో కళ్ళజోడు కూడా కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చోవాల్సి వచ్చింది.

"చెప్పండి అమ్మమ్మా."

"లారీ ఎప్పుడు తల్లీ?"

"ఏ లారీ?"

"మమ్మల్ని తీసుకుపోయేది. మూట కట్టి పెట్టాం. ఒక్క పైసా ముట్టుకోలేదు. చూసుకో కావాలంటే."

కళ్ళజోడు నా వంక చూసింది. నేను ఫ్యాను వంక చూశాను.

"లారీ ఏమీ రాదు అమ్మమ్మా. పని కూడా లేదు. ఆ డబ్బు మీదే."

"పని లేకుండా ఎందుకిస్తారు?"

"మీకు అవసరం ఉంది కాబట్టి."

"అవసరం నేను పుట్టినప్పటినుంచీ ఉంది. అప్పుడెవరూ రాలేదే?"

 పాపం కళ్ళజోడు అప్పటికి పుట్టలేదు కదా. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఏడాదిపాటు నెలనెలా పడుతుంది. బియ్యం కొనుక్కోవచ్చు, మందులు కొనుక్కోవచ్చు, మీ ఇష్టం. ఎవరూ లెక్క అడగరు.

"ఏడాది అయ్యాక?"

"ఆగిపోతుంది."

నాయనమ్మ తల ఊపింది. ఆ మాటతో ఆమెకు మొదటిసారి కాస్త నమ్మకం కలిగింది. ఆగిపోతుందని ముందే చెప్పినవాళ్ళు ఆమెకు ఇంతవరకు ఎదురుపడలేదు.

"పోనీ ఈ గది ఊడ్చి పోనా?" అని అడిగింది.

"వద్దమ్మమ్మా!"

ఊరికే ఉంటుందా మా నాయనమ్మ? బయట ఆవరణలో ఎవరో కొత్తగది కట్టుకోవడానికి దింపుకున్న ఇటుకలు వానకు అడ్డదిడ్డంగా పడున్నాయి. ఒక వరస తీరుగా నిలబెట్టింది. కళ్ళజోడు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. నాకు సిగ్గేసి గేటు అవతలికి పోయి నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు సంతవీధిలో మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూలబడింది.  ఏడుస్తుందేమో, ఎవరైనా చూస్తారేమో అని నేను భయపడ్డాను. ఏడవలేదు. ఎంతో దూరం మోసుకొచ్చిన బరువు దింపేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిదానిలా తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఆ డబ్బుతో ఆమె మొదట కొన్నది ప్లాస్టిక్ పట్టా. పెద్దది, నీలంది. వానొస్తే పచ్చి ఇటుకల మీద కప్పడానికి బట్టీలో వాడేలాంటిదే. బట్టీలో చినుకు పడితే చాలు, ఆ పట్టా పట్టుకుని మేం పరుగులు తీసేవాళ్ళం, ఇటుకలు తడవకూడదని. మేం మాత్రం మా ఇంట్లో తడుస్తూనే ఉండేవాళ్ళం. నాన్న దాన్ని పైకప్పు మీద పరిచి రాళ్ళు పెడుతుంటే నాయనమ్మ కింద నిలబడి, "ఆ మూల లాగరా, ఆ మూల. ఇటుకలకైతే సరిగ్గానే కప్పేవాడివి" అని సణిగింది.

తర్వాత బియ్యం బస్తా వచ్చింది. దుకాణంవాడు మళ్ళీ మా వైపు మొహం పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాన్న ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇక దుమ్ములోకి పోకూడదన్నాడు. మందులు రాసిచ్చి, విశ్రాంతి తీసుకోమన్నాడు.

"ఆ విశ్రాంతి ఎన్నిపూటలు వేసుకోవాలి బాబూ?" అని అడిగింది మా నాయనమ్మ.

ఇంత జరిగినా మూట మాత్రం విప్పలేదు. గుమ్మం పక్కన అలాగే నిలబడి ఉంది. "ఇవాళ ఒకటంటారు, రేపొకటంటారు. కట్టింది కట్టినట్టు ఉండనీ" అనేది. బస్తాడు బియ్యం ఇంట్లో పెట్టుకుని మేం చిన్న గిన్నెలో రెండు వాయిలు వండుకుంటూనే ఉన్నాం.

వానలు తగ్గాయి. మేస్త్రీ వచ్చాడు.

"పెద్దమ్మా, బాగున్నావా? ఏం తమ్ముడూ, చిక్కిపోయావే! చెల్లెమ్మా, కాసిన్ని టీనీళ్ళు పొయ్యి" అంటూ అరుగు మీద కూర్చున్నాడు. కూర్చోగానే అతని చూపు మూట మీద పడింది. మొహం వెలిగింది.

"ఓహో! అప్పుడే మూట కూడా కట్టేశారా! మీలాంటి జట్టు నాకెక్కడ దొరుకుతుంది చెప్పండి?"

 అమ్మ టీ తెచ్చిచ్చింది. మేస్త్రీ చొక్కా జేబులోంచి నోట్లు తీసి, మోకాలి మీద పెట్టుకుని, ఊదుకుంటూ తాగాడు.

"పెద్దమ్మను ఈసారి కష్టపెట్టొద్దు. ఇంటిదగ్గర ఉండనీండి హాయిగా. బంగారుతల్లి పెద్దదయింది కదా, తిప్పుడు పనికి దాన్ని పెట్టుకుందాం. ఏం తల్లీ, వస్తావు కదూ?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న ఆ నోట్లవైపు చూస్తున్నాడు. నాన్నను తప్పుపట్టడానికి లేదు. ఆయనకు తెలిసిన లోకంలో వానలు తగ్గాక ఇటువైపు వచ్చే డబ్బు అదొక్కటే.

"అమ్మా, ఒకసారి లోపలికి రా" అన్నాడు.

"ఇక్కడే చెప్పరా. అతను మనవాడే కదా, తమ్ముడూ తమ్ముడూ అంటున్నాడు."

నాన్న నీళ్ళు నమిలాడు. "ఆ కళ్ళజోడు అమ్మాయి డబ్బు ఏడాదే కదమ్మా. ఆగిపోయాక మళ్ళీ ఇతని కాళ్ళే పట్టుకోవాలి. ఒక్కసారి కాదంటే మన గుమ్మం తొక్కుతాడా? అందుకని ఈ ఒక్క ఏడాదీ పిల్లను…"

 నా వంక చూడలేక మేస్త్రీ చెప్పులవంక చూశాడు.

"తమ్ముడు తెలివైనవాడు" అన్నాడు మేస్త్రీ.

నాయనమ్మ మంచం మీంచి దిగింది. వంగి నడిచే మనిషి కదా, మూట దగ్గరికి పోయేసరికి ఆమె చేతులు సరిగ్గా ముడి మీదికే వచ్చాయి. నెలల తరబడి బిగుసుకున్న ముడి. వేళ్ళతో రాలేదు. పళ్ళతో పట్టుకుని లాగింది. ఆ ఉన్న నాలుగు పళ్ళతోనే. అందరం చూస్తూ ఉండిపోయాం, ఒక్కరం కూడా సాయం చెయ్యలేదు. దుప్పట్లు తీసి నా మీదికి విసిరింది. నీళ్ళ డబ్బా పక్కన పెట్టింది. గరిటె తీసింది. అచ్చును గోనెతో సహా నాన్న ఒళ్ళో పెట్టింది. అన్నిటికంటే అడుగునున్న పెద్ద గిన్నెను రెండు చేతులతో పైకి లాగి, చీరకొంగుతో లోపలి దుమ్ము తుడిచి, అమ్మకు అందించింది.

"పొయ్యి మీద పెట్టు. ఒక్క వాయిలో వండు. రోజూ ఆ రెండో వాయికి కనిపెట్టుకుని కూర్చోలేక చస్తున్నా."

అమ్మ గిన్నె అందుకుంది.  లోపలికి పోయి పొయ్యి మీద పెట్టిన చప్పుడు అరుగు మీదికి వినిపించింది.

మేస్త్రీ టీగ్లాసు కింద పెట్టాడు.

"పెద్దమ్మా, ఆలోచించుకో. వచ్చే ఏడాది రమ్మన్నా రాను."

"వస్తావులే. మాలాంటి జట్టు నీకెక్కడ దొరుకుతుంది?"

"అప్పుడు ఇంత ఇవ్వను."

"అప్పటి సంగతి అప్పుడు. ఇప్పుడైతే గ్లాసు అక్కడ పెట్టి పో నాయనా."

నోట్లు జేబులో తోసుకుని పోయాడు. పెద్దమ్మ అనడం మర్చిపోయాడు.

తర్వాత అంతా హాయిగా గడిచిందని రాస్తే అది కథ. లారీ వచ్చినరోజు మా వీధిలో అందరూ ఎక్కారు. పక్కింటామె ఎక్కుతూ, "నువ్వు దొరసానివి అయ్యావమ్మా" అని నాయనమ్మను దెప్పింది. అన్నదే గానీ ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమె ఇల్లు కళ్ళజోడు చూసిన ఇళ్ళలో లేదు. ఎందుకు లేదో మాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. లారీ కదిలాక నాయనమ్మ రోడ్డు పక్కన నిలబడి చూసింది. ఆమె కుడిచెయ్యి మాత్రం ఊరుకోలేదు. ఏమీ లేని గాల్లో ఏదో పట్టుకుని పక్కకు తిప్పి పెడుతూనే ఉంది.

వీధి ఖాళీ అయింది. తాళాలు వేసిన తలుపులు, మేం, రెండు కుక్కలు. మా ఊళ్ళో ఎండాకాలం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను. చూడదగ్గదేమీ కాదు. నాన్న చుట్టుపక్కల కూలికి పోతున్నాడు. దొరికినరోజు చిరాకుగా వస్తాడు, దొరకనిరోజు ఇంకా చిరాకుగా వస్తాడు. పెద్ద గిన్నె నిండా ఉడికినరోజులూ ఉన్నాయి, సగమే ఉడికినరోజులూ ఉన్నాయి. అయితే దుకాణంవాడి మొహం చూసి తినాలో మానాలో తేల్చుకోవాల్సిన పని లేదు. ఇలా ఎన్నాళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

నాయనమ్మ విశ్రాంతి తీసుకోవడం మొదలుపెట్టాక మాకు ఇంకో భయం పట్టుకుంది. ఆమె నిద్రపోతోంది. పొద్దున నిద్ర, మధ్యాహ్నం నిద్ర, కంచం ముందు నిద్ర. ఇన్నేళ్ళ అలసటంతా రేషను దుకాణం దగ్గర వరసలో నిలబడ్డట్టు నిలబడి, తలుపు తెరవగానే ఒక్కసారి లోపలికి తోసుకొచ్చింది. అమ్మ మధ్యమధ్యలో ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "ఉన్నానే, పో" అనేది కళ్ళు తెరవకుండా. దగ్గు తగ్గింది. నడుము తగ్గలేదు. అది ఇక అంతేనట.

నేను బడికి పోతున్నాను. పుస్తకాల రెండో సగాలు మొదటి సగాలంత బాగుండవు. లెక్కలైతే మరీ ఘోరం. నాకు తెలిసిన రాజులందరూ ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతున్నారు. బడి నుంచి వచ్చి నాయనమ్మకు చెబితే, "పోనీలే పాపం, వాళ్ళకూ విశ్రాంతి కావాలి కదా" అంది.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం ఆమె మంచం పక్కన చతికిలబడి మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించాను. కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"ఎలా ఉంది నాయనమ్మా?"

"సగం ఇళ్ళు నేనే లేపానని రాయడానికి సిగ్గు లేదూ? నేను లేపలేదు, తిప్పాను. ఆ మేస్త్రీ మళ్ళీ ఏడాది కూడా వస్తాడు. నీ కాగితాలు చూసి వెనక్కి పోయే రకం కాదు వాడు. లే, పోయి లెక్కలు చేసుకో."